మంచుపొర పలచబడిన సంగతి

మీ కంపెనీ ఆటలో మంత్రగత్తె ఒంటి మీది మంచుపొరను మొన్నటి అప్‌డేట్‌లో పలచన చేశారు. ఎవర్నడిగి చేశారు?

నేను ఇస్త్రీ దుకాణంలో పనివాణ్ని. పొద్దంతా ఆవిరిలో ఉడికి, గదికొచ్చి మీ ఆట తెరిస్తే గానీ ప్రాణం లేచిరాదు. అందులో కత్తులు, ఉరుములు, నిప్పుల వానలు బోలెడున్నాయి. అన్నిటికీ బటన్లు నొక్కి చావాలి. మంచుపొరకు అక్కర్లేదు. ఒకసారి నేర్చుకుంటే చాలు, తన పని తాను చేసుకుపోతుంది. మంత్రగత్తె ఊరికే నిలబడుతుంది, దగ్గరికొచ్చినవాడి కాళ్ళు బరువెక్కుతాయి. కొట్టబోయినవాడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోతాడు. ఆ పెళపెళ చప్పుడు వింటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మా అక్కా ఇదే దుకాణంలో పనిచేస్తుంది. ఇస్త్రీ యంత్రం కాల్చడంతో కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడంచేత్తో మంత్రగత్తెను నడిపిస్తూ, మిగతాది మంచుపొరకు వదిలేసి ఆడుతోంది. మా బావ ఇంట్లో ఆమెకు మొగుడు, ఆటలో జట్టు నాయకుడు. "ఒంటిచేతి వాళ్ళు నా జట్టుకు బరువు. ఆదివారం నన్ను ఓడించు, ఉంటావు. లేకపోతే జట్టులోంచి లే" అన్నాడు. కాబట్టి మంచుపొరను మునుపటిలా చెయ్యండి.

— ఇస్త్రీవాడు

తా.క.: మీరు పలచన చేసినా నిన్న అక్క కదలకుండానే ముగ్గురు రాక్షసుల్ని గడ్డకట్టించింది. చెడగొట్టినా చెడని సరుకు!

*

గౌరవనీయులైన ఆటగాడికి నమస్కారాలు.

ఆటలో ఏ విద్యా మరీ బలపడిపోకుండా చూడటం మా విభాగం పని. మీ ఉత్తరం అందరం శ్రద్ధగా చదివాం, ముఖ్యంగా తాజాకలం. పలచన చేశాక కూడా ఒకేసారి ముగ్గురు గడ్డకట్టడం మేం అనుకోనిది. తెలియజేసినందుకు కృతజ్ఞతలు. వెంటనే సరిదిద్దాం. ఇకపై ఒక్కడే గడ్డకడతాడు.

మీ శ్రేయోభిలాషులు,
సమతూకం విభాగం

తా.క.: అక్కగారి చెయ్యి త్వరగా నయం కావాలి.

*

నేను పెంచమంటే తుంచారా! మీకు బుర్రుందా?

అసలు మంచుపొర విలువ మీకు తెలిసినట్టు లేదు. చెప్తాను, వినండి. ఒక్కడే గడ్డకడితే అక్కకొచ్చిన నష్టమేమీ లేదు. వెళ్ళి ఇరుకు గుమ్మంలో నిలబడింది. ముందొచ్చినవాడు గడ్డకట్టి గుమ్మానికి తలుపైపోయాడు. వెనకవాళ్ళు వాడి వీపు మీద పడి తిట్టుకుంటున్నారు. "ఏమే, మంచు కరిగిందా?" అని బావ వెక్కిరిస్తే, "మంచు సంగతి తర్వాత, ముందు ఆ గుమ్మం దాటి రా" అంది. ఇంత గొప్ప విద్యను సృష్టించిందెవరో గానీ వాళ్ళకు దండం పెట్టాలి. దాన్ని కోస్తున్న మీకు మాత్రం కాదు.

— ఇస్త్రీవాడు

తా.క.: గుమ్మంలో నిలబడితే అక్కను బావే కాదు, బావ తాత కూడా ఏమీ చెయ్యలేడు.

*

గౌరవనీయులైన ఆటగాడికి,

గుమ్మం కిటుకును మేమూ ఆడి చూశాం. మంచుపొరను సృష్టించిన అమ్మాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తర్వాత కూర్చుని, గుమ్మాల్లో అది పనిచెయ్యకుండా మార్చింది.

మీ శ్రేయోభిలాషులు,
సమతూకం విభాగం

తా.క.: ఇంత వివరంగా మెచ్చుకునేవాళ్ళు అరుదు. ఏది మరీ బాగుందో మీలాంటివాళ్ళు చెప్తేనే కదా, మాకు ఎక్కడ కొయ్యాలో తెలిసేది. ఇంకేమైనా గొప్పలుంటే తప్పక రాయండి.

*

మంచుపొరంత పనికిమాలిన విద్య మీ ఆటలోనే లేదు.

ఇంతకుముందు రాసినవన్నీ తెలివితక్కువ రాతలు. అక్క వాటిని చదివి ఎడంచేత్తోనే నెత్తిన మొట్టింది. "ఒరేయ్, ఫిర్యాదు చేస్తున్నావా, నన్ను పట్టిస్తున్నావా?" అంది. ఇప్పుడు పక్కనే కూర్చుని ఈ ఉత్తరం రాయిస్తోంది. మంచుపొర వల్ల ఈగ కూడా గడ్డకట్టదు. దోమ దానిమీద నిద్రపోతుంది. ఆ పెళపెళ చప్పుడు మాత్రం... వద్దట, అది కూడా దరిద్రంగానే ఉందట.

ఇక మా బావ వాడే నిప్పుకత్తి ఉంది చూశారూ, ఆహా! ఏం కత్తండీ! ఒక్క వేటుకు గుంపు గుంపంతా బూడిద. పొగడ్డానికి మాటలు చాలడం లేదు. ఇంత వివరంగా మెచ్చుకునేవాణ్ని అరుదన్నారుగా, మెచ్చుకుంటున్నాను. మీరు చెయ్యాల్సింది మీకు తెలుసు.

— ఇస్త్రీవాడు

తా.క.: నిప్పుకత్తి సంగతేం చేశారో శుక్రవారం సాయంత్రంలోగా జవాబు రాయాలి. పోటీ ఆదివారం. సోమవారం వచ్చే కృతజ్ఞతలు మాకక్కర్లేదు.