అందరూ మెచ్చుకున్న కర్టెన్లు

బావమరిదికి ఆశీస్సులు.

నువ్వు చేర్చిన ఆన్‌లైన్ వ్యాపారుల గ్రూపులో నన్ను తెగ పొగుడుతున్నారు. "అన్నయ్యా, మీ కర్టెన్లకు వంక పెట్టలేం!" అని ఒక ప్లంబరు రాశాడు. మీ అక్క పోయాక నేను కుట్టినవి నిన్నటిదాకా కొట్టు గడప దాటలేదు. సభ్యులు ఒకరినొకరు మెచ్చుకుంటే గిరాకీ పెరుగుతుందన్నావు. నువ్వే చెప్పి రాయిస్తున్నావని నా అనుమానం.

నా కుట్టు పనికిరాదని తేలితే మీ అక్క కొట్టు మూసేయాలి. జాలి పొగడ్తలతో అది తేలదు.

నిన్న ఆ గ్రూపులో చూసి ఒకావిడ కర్టెన్లు కొనుక్కెళ్ళి, పొద్దున్నే వెనక్కి తెచ్చింది. "ఇదేం అంచండీ, పాము పాకినట్టుంది! కళ్ళు మూసుకుని కుట్టారా?" అని కడిగిపారేసింది. విప్పి మళ్ళీ కుడుతున్నాను. సాయంత్రం వస్తానంది.

ఆవిడను మాత్రం నువ్వు పంపలేదని రాయి.

నీ బావ