చివరి ఆవిరి

తిరుపతి, ఆదివారం

అక్కా,

చిన్నప్పుడు జలుబు చేస్తే వావిలాకు కుండ దించి, దుప్పటి కిందికి ముందు నన్ను, తర్వాత తమ్ముణ్ణి పంపి, నువ్వెప్పుడూ చివరే ఎందుకు కూర్చునేదానివి? ఫోన్లో అడిగితే నవ్వి పెట్టేస్తావు, అందుకే ఈ కార్డు.

మేమంతా కులాసా. నువ్వు జువ్వలదిన్నె నుంచి పంపిన ఆకుకు ల్యాబులో ఆవిరి పట్టి నూనె తీశాం. నీలగిరి తైలంలో ఉండే ఘాటే ఇందులోనూ ఉంది. అదంతా మొదటి పావుగంటలోనే దిగిపోయింది. మేం పీల్చేశాక నీకు మిగిలింది వట్టి వేణ్ణీళ్లేనా అని మనసు చివుక్కుమంది. నాతో పనిచేసే సుప్రియేమో, "చివర దిగిన నూనెలో మిరియాల్లో ఉండేదే ఉండాది మేడం, నొప్పికి అదే పనిచేస్తాదేమో" అంది. "మీరు పొండి ముందు, నాకు అడుగుదే కావాల" అని నువ్వు కసిరే మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఈసారి ఆకు బియ్యం సంచిలో కట్టి పంపు. పోయినసారి ఎండుచేపల సంచిలో పంపావు, మా ల్యాబువాళ్లు రెండు రోజులు కిటికీలు మూయలేదు. బావ పడవ ఇంజను బాగయిందా, వేటకు పోతున్నారా? ఆయనకు నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

నీ తలనొప్పి ఇంకా తగ్గలేదని తమ్ముడు చెప్పాడు. ఇకనైనా ఆవిరికి ముందు నువ్వే కూర్చోమని కూడా రాద్దామనే ఈ కార్డు మొదలుపెట్టాను. మాకోసం మంచిది వదులుకున్నావో, నీకు కావలసింది తెలిసే ఉంచుకున్నావో, ఇంత చదివీ నాకు తేలడం లేదు.

నీ చెల్లెలు
రోజారమణి