దించని తట్ట

ఫిబ్రవరి 28, శుక్రవారం
అరకు సంతకి బయలుదేరాను గానీ సంత చూడలేదు. వాగు దాటే చోటే బావ కాటా పట్టుకుని నిలబడ్డాడు. నా భర్త జగదీష్‌కి అన్న, వరహాలు. షావుకారు తరఫున మిరియాలు కొంటాడు. కొనడం అంటే ఆడవాళ్ళ నెత్తి మీంచి తట్టలు లాక్కోవడమే. రేటు తరవాత చెబుతాడు. మా వాళ్ళలో మొగుడి అన్నతో మాట్లాడకూడదు. తగలకూడదు. నేను తట్ట కింద దించి చెట్టు చాటుకి తప్పుకున్నాను. ఆయన అటు తిరిగి, చెట్లకి చెప్పినట్టు రేటు చెప్పాడు. చాలదని ఎవరికి చెప్పను?

మార్చి 1
అన్న మనకి అన్నాయం సేత్తాడేటి అన్నాడు జగదీష్.

మార్చి 4
డ్వాక్రా మీటింగ్‌లో సేల్స్ ట్రైనింగ్. విశాఖ మేడమ్ బోర్డు మీద రాసింది: నవ్వు, మాట, కాన్ఫిడెన్స్, కళ్ళలోకి చూడటం. నాకు ఒక్కటీ లేదు. వాటర్ బాటిల్ ఇచ్చి అమ్మమంది. పట్టుకుని నిలబడ్డాను. అందరూ నవ్వారు. సరే కూర్చోమ్మా అంది. ఇంకా అమ్మలేదు కదా, కూర్చోలేదు. వేరేవాళ్ళని లేపినా నేను అలాగే ఉన్నాను. చివరికి పక్కింటి గంగ పది రూపాయలిచ్చి కొంది, కాళ్ళు నొప్పెడతాయి, కూకోవే గుంటా అని.

మార్చి 6
పెళ్ళయి వచ్చిన ఏడాది సిల్వరోక్ చెట్లకి మిరియపు తీగలు పాకించింది నేను. ఇదే మొదటి మంచి కాపు. మిగిలింది ఈ ఒక్క తట్ట. తాలు పోయేలా రెండుసార్లు చెరిగాను. ఎంత సెరిగితే ఏటి, వరహాలు కాటాకి అన్నీ ఒకటే అంది అత్త. చెరుగుతుంటే ఒకటి తట్టింది. పోయిన వారం తట్ట దించింది నేనే. ఆయన దించలేదు. నా నెత్తి మీద ఉన్నంతసేపు దాన్ని ముట్టలేడు.

మార్చి 7, సాయంత్రం
దించలేదు!

బావ దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ తట్ట దించమని సెప్పు అన్నాడు నా వెనకున్న గంగతో. నువ్వే దించుకో వరహాలన్నా, సేతులు లేవేటి అంది గంగ. ఆడవాళ్ళంతా నవ్వారు. నేను ఒక అడుగు వేశాను. ఆయన ఒకటి వెనక్కి వేశాడు. ఇంకోటి వేశాను. చివరికి ఆయనే తుప్పల్లోకి తప్పుకున్నాడు. లుంగీ ముళ్ళకి పట్టుకుంది.

సంతలో గోనె పరిచి కూర్చున్నాను. నవ్వూ రాలేదు, మాటా రాలేదు. కొండ కింద నుంచి వచ్చిన వ్యాపారి చేతిలో నాలుగు గింజలు పోశాను. కొరికాడు. దగ్గాడు. కళ్ళు తుడుచుకుని ఒక రేటు అన్నాడు. తల అడ్డంగా ఊపాను. వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం వచ్చి కొంచెం పెంచాడు. మళ్ళీ ఊపాను. మూడోసారి వచ్చి, నోరు లేదేటమ్మా అన్నాడు. అప్పుడు నా రేటు చెప్పాను. ఒక్కసారే. ఇచ్చాడు.

మార్చి 9
బావ ఊరి పెద్దల్ని పిలిచాడు. నేను తప్పు డబ్బు కట్టాలట. తగిలిందా అని అడిగారు. లేదన్నాడు. మాటాడిందా? లేదు. మరేటిరా తప్పు? నా మీదకి నడిసొచ్చింది అన్నాడు. దారిలో నడవక ఎగురుతాదేటి అని ముసలి మంగ్లు తాత లేచిపోయాడు.

అత్త నాతో మాట్లాడటం లేదు. వచ్చే శుక్రవారం ఇంట్లోనే ఉండు, నీ మిరియాలు అయిపోయాయి కదా అన్నాడు జగదీష్. వెళ్తాను అన్నాను. ఎందుకని అడిగాడు. నాకూ తెలియదు. వెళ్తాను అన్నాను.

మార్చి 14
తెల్లారేసరికి గుమ్మంలో గంగ, ఇంకా పదిమంది, తట్టలతో. నన్ను ముందు నడవమన్నారు. నా కొంగు గంగ పట్టుకుంది, గంగ కొంగు ఇంకొకరు, అలా చివరిదాకా. ఎవరిని లాగినా నేను ఆయన మీద పడతాను.

బావ దూరం నుంచే చూశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, దారి వదిలి వాగులోకి దిగాడు.