వైర్లు తీసేశాక

మంగళవారం, రాత్రి

ఫోన్ చేస్తే పొలంలో మోటారు ఆన్ చేసే బోర్డు అది. ఫోన్ చేయకుండానే మోటారు తిరుగుతోందని కంకిపాడు నుంచి వెంకటరత్నం గారు వాపసు పంపారు. సిగ్నళ్లను గీతలుగా చూపే లాజిక్ అనలైజర్ వైర్లు బోర్డుకి తగిలించి, సాయంత్రం దాకా స్క్రీన్ మీద గీతలే చూశాను. ఒక్క తప్పుడు సిగ్నల్ లేదు.

"బాగానే ఉంది కదమ్మా, ప్యాక్ చేసెయ్" అన్నారు మేనేజర్ గారు.

వైర్లు పీకాను. బోర్డులో మోటారుకి కరెంటు వదిలే రిలే టక్కుమంది. మళ్లీ తగిలిస్తే ఊరుకుంది. తీస్తే టక్.

నా వైర్లే దాని జబ్బును కప్పిపెడుతున్నాయి. వెంకటరత్నం గారికి దీని బదులు పంపిన కొత్త బోర్డునీ ఈ వైర్లు ఉంచే పరీక్షించాను.

వెంటనే ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తారు.

"ఫోను ఇంట్లోనే వదిలేసి చేలోకెళ్లారమ్మా. మోటారు బెల్టు ఊడిందంట, ఎక్కించొస్తానన్నారు. మోటారు ఆపే ఉందిలే, భయం లేదు."

ముట్టుకోవద్దనండి, ముందు ఫ్యూజు పీకించండి అని అరిచాను. నా గొంతుకే భయపడ్డారేమో, తనే వెళ్తానన్నారు.

అప్పటినుంచీ చేస్తూనే ఉన్నాను. ఆ ఖాళీ ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది.