గజ్జెలతో ఖో ఖో

తిరుచానూరు,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు నీ సుగుణ నమస్కారాలు.

నేను బాగున్నాను. పెద్దమ్మ, పెదనాయన కూడా బాగున్నారు. అమ్మ నడుం నొప్పి ఎలా ఉంది? నాయన దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా? అన్నింటికీ విడివిడిగా జవాబు రాయి. పోయినసారి అందరం బాగున్నాం అని ఒక్క ముక్కతో సరిపెట్టావు, నాకు ఏడుపొచ్చింది.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. సాయంత్రం కొండ మీదికి మబ్బు వస్తుంది, ఊరించి పోతుంది. తిండికి లోటు లేదు కానీ, సంగటి మాత్రం వారానికి ఒక్కసారే. సంగటిలోకి పెద్దమ్మ ఊరిబిండి బాగానే నూరుతుంది, నీ అంత బాగా కాదు. ఈ మాట ఆమె దగ్గర అనకు. చదువుకని ఇక్కడికి వచ్చిన కొత్తలో తిరుపతి బస్సెక్కితే చుట్టూ గుండ్లు కొట్టించుకున్న యాత్రికులే, తెలిసిన మొహం ఒక్కటీ ఉండేది కాదు. బళ్ళో అయితే నేను నోరు విప్పితే ఒట్టు. ఇప్పుడు ఆ దిగులు లేదు. నిజంగా లేదు, అమ్మతో చెప్పు.

ఇక అసలు సంగతి. పనులన్నీ పక్కన పెట్టి కూర్చుని చదువు.

ఖో ఖో జట్టులో చేరానని రాశాను కదా. ఆటలో నేను ‘ఖో’ అని అరిచిన అరుపుకు ఎక్కడో తరగతి గదిలో ఉన్న తెలుగు టీచరు ఉలిక్కిపడి బయటికి వచ్చారట. ఆ గొంతు ఎవరిదో కనుక్కుని నన్ను బుర్రకథలో చేర్చుకున్నారు. మధ్యలో తంబూర పట్టుకుని కథ చెప్పేది పదో తరగతి విజయ. అటూ ఇటూ డక్కీలు పట్టుకుని వంతలు ఇద్దరం. నేను హాస్యం చెప్పే వంతను. కథను టీచరే సొంతంగా కట్టారు, ఏరు ఎండిపోయి ఊరంతా నీళ్ళకు అల్లాడిన కరువు కథ. మొదటి రోజు విజయ ఏరెండిందని దీర్ఘం తీస్తుంటే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. “అవునమ్మా, మా ఏట్లో సేపలు గూడా బిందెలు ఎత్తుకోని బాయికాడ వరసలో నిలబడినాయి” అనేశాను. టీచరుతో సహా అందరూ పడీ పడీ నవ్వారు. అంతవరకు నోరెత్తని దాన్ని, ఆ మాట అన్నది నేనేనా అనిపించింది.

అప్పటి నుంచి పొద్దున ఆట, సాయంత్రం కథ. రెండూ బాగానే సాగుతుండగా ఒక రోజు సాయంత్రం కూడా ఆట పెట్టి, మా కథ మధ్యలో డ్రిల్లు టీచరు విజిల్ వేశారు. విజిల్ వినపడితే నా కాళ్ళు ఆగవు, నీకు తెలుసు. డక్కీ పక్కపిల్ల చేతిలో పెట్టి ఒకటే పరుగు. మైదానంలోకి దిగి చూసుకుంటే కాళ్ళకు కథ కోసం కట్టుకున్న గజ్జెలు! విప్పుదామంటే అప్పటికే ఆట మొదలైపోయింది. నేను ఎటు పోతే అటు ఘల్లు ఘల్లు. వీపు తిప్పి కూర్చున్న పిల్లలకు కూడా నేనెక్కడున్నానో తెలిసిపోతోంది. ఎవరికీ ఓ పట్టాన దొరకని దాన్ని, చిటికెలో దొరికిపోయాను. అందరూ కడుపులు పట్టుకుని నేల మీద దొర్లారు. నేనూ వాళ్ళతో దొర్లాను.

డ్రిల్లు టీచరు కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని, “యాడన్నా ఒక సోట ఉండు సుగుణా. సిత్తూరు పోటీల్లో ఆట, కత రెండూ ఒక దినమే, ఒక టయానికే. సోమారం లోపల ఏదో ఒకటి సెప్పు” అన్నారు.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళకద్దుకుని కట్టుకునే గజ్జెలు దుమ్ములో ఈడుస్తావా అని తిట్టి, వాటిని తుడిపించి, పూలు పెట్టించి, నా చేత దండం పెట్టించింది.

అక్కా, నా బాధంతా నీ గురించే. నిన్ను చిత్తూరు ఆటలకు ఎంపిక చేస్తే, ఆడపిల్ల రాత్రిపూట పరాయి ఊళ్ళో ఉండటమేమిటని మనవాళ్ళు పంపలేదు. ఆ ఏడాది నుంచే కదా నువ్వు నన్ను ఏటి ఇసుకలో పరిగెత్తించావు. నేనన్నా చిత్తూరులో ఆడాలని నీ ఆశ. నేను ఆట వదిలేస్తే నువ్వు ఏమైపోతావు?

సోమవారం రేపనగా పెద్దమ్మ పక్కన కూర్చుని పూలు కడుతున్నాను. నా మొహం చూసి ఆమే అడిగింది.

“ఆట పోతే ఏడస్తావా, కత పోతే ఏడస్తావా?”

“రెండిటికీ.”

“ముందు దేనికి?”

“కతకి.”

ఆలోచించే లోపలే నోట్లోంచి వచ్చేసింది. కానీ అది నిజమే అక్కా. నా పరుగును ఎవరు మెచ్చుకున్నా అది మా అక్కది అనుకుంటాను. నా మాటకు జనం నవ్వితే మాత్రం ఆ సంతోషమంతా నాదే. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. నీ దగ్గర దాచి ఏం లాభం?

సోమవారం వెళ్ళి కథ అని చెప్పేశాను. డ్రిల్లు టీచరు రెండు రోజులు నా మొహం చూడలేదు. ఆ తర్వాత ఆయనే పిలిచి, నా బదులు ఆడే వసంతకు నన్నే నేర్పమన్నారు. కళ్ళు స్తంభం వైపు తిప్పి కాళ్ళు వరుస మధ్యలోకి మళ్ళించే నీ కిటుకు దానికి నేర్పాను. మొదట బోర్లా పడి మోచేయి గీక్కుంది. ఇప్పుడు నాకే దొరకడం లేదు. దాన్ని చూస్తే ఏడుపూ వచ్చింది, గర్వంగానూ ఉంది.

పోటీలు ఈ శనివారం కాదు, పై శనివారం. నాయన వెంట నువ్వు చిత్తూరు రావాలి. నాయన పక్కనుంటే ఈసారి ఎవరూ కాదనరు. వేయించిన చెనక్కాయలు, ఒక బెల్లం అచ్చు తీసుకురా. అమ్మకు, నాయనకు నా నమస్కారాలు. అవ్వ కాళ్ళకు నా బదులు నువ్వు మొక్కు, గజ్జె కట్టే ముందు నాకు ఆమె దీవెన కావాలి.

ఇంకొక్క మాట. రెండూ ఒకే వేళకని చెప్పాను కదా. మైదానంలో వసంత నీ కిటుకుతో పరిగెత్తుతుంటుంది, హాల్లో నేను కథ చెబుతుంటాను. నువ్వు ఒక్కటే చూడగలవు. చిత్తూరులో ఆ ఆట చూడాలని నీకెంత ఉంటుందో నాకు తెలుసు. ఆటకే పో, నేనేమీ అనుకోను అని రాద్దామని కలం పట్టాను. చెయ్యి రావడం లేదు. అనుకుంటాను అక్కా. నా కథకే రా.

ఇట్లు,
నీ చెల్లెలు
సుగుణ