వాకిలి నిలబెట్టే రోజు

పుంగనూరు,
6 ఫిబ్రవరి 1979.

గౌరవనీయులు శ్రీ మునిరత్నం గారికి,

కనకవల్లి నమస్కరించి వ్రాయునది. నేను క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయినిగా నేను పదవీ విరమణ చేసి ఏడేళ్ళయింది. ఈ ఊళ్ళో ఇప్పటికి తొమ్మిది అద్దె ఇళ్ళు మారాను. తొమ్మిదో ఇంటివారు నా పుస్తకాల బీరువా బరువుకు మిద్దె కుంగుతుందని బెంగపెట్టుకున్నారు. వారి బెంగ తీర్చడానికి పలమనేరు రోడ్డులో నలభై అంకణాల స్థలం కొన్నాను. ఇల్లు కడుతున్నాను. పటం నేనే గీసుకున్నాను.

పంచాయతీ దరఖాస్తులో ‘భర్త పేరు’ అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే గుమాస్తా తీసుకోనన్నాడు. మీ పేరు వ్రాశాను. ఒకరి పేరు వాడుకుని వారికి చెప్పకుండా ఉండటం నా స్వభావం కాదు కనుక ఈ ఉత్తరం. దీన్ని సలహా కోరడంగా భావించవద్దు.

మీరు ముప్పై ఏళ్ళు ఓవర్‌సీరుగా ఎన్నో ఊళ్ళకు కట్టడాలు కట్టించారు. 1954లో కుప్పంలో మన ఇల్లూ కట్టించారు. అందులో ఎక్కడ ఏముండాలో నన్ను ఒక్క మాట అడగలేదు. గృహప్రవేశం నాడు ఆ ఇంట్లోకి చుట్టంలా నడిచి, పదమూడు నెలలుండి, ఈ ఊరి ఉద్యోగానికి వచ్చేశాను. పిల్లలు లేరు కనుక అడ్డుపడినవారూ లేరు. ఆ తరువాత పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ తప్ప మనం ఎదురుపడలేదు. అందుకు నాకు పశ్చాత్తాపం లేదు.

ఇది మాత్రం నన్ను అడిగి కట్టే ఇల్లు.

ఇట్లు,
కె. కనకవల్లి

*

కుప్పం,
14 ఫిబ్రవరి 1979.

ప్రియమైన కనకకు,

నీ జాబు చేరింది. కవరు మీద చేతిరాత చూసి పోస్ట్‌మ్యాన్ దాసప్ప, “యవరయ్యా ఇది, అచ్చు గుద్దినట్టుండాది!” అన్నాడు. మా ఇంటామె అన్నాను. “నీకు ఇంటామె ఉండాదా!” అని నోరు తెరిచినాడు.

సలహా వద్దన్నావు. ఇది సలహా కాదు, నోరు ఊరుకోక రాస్తాండాను. పునాది మూడడుగులు చాలని మేస్త్రి అంటాడు. వినొద్దు. గడ్డపార దిగకుండా ఎగిరి పడేదాకా తవ్వించు. ఆ ఎర్రనేల నీళ్ళు తాగితే కుంగుతుంది. ఇటుకలు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూడు, కంచు మోగినట్టు మోగాల. గోడలో పెట్టే ముందు తొట్టిలో నానబెట్టాల, లేకుంటే సిమెంటు మాలులో నీళ్ళన్నీ అవే తాగేస్తాయి. సిమెంటు మూటలు నేలమీద పెట్టొద్దు, గోడకానించొద్దు. కింద చెక్కలేసి పేర్చు. మరుగుదొడ్డి బావికి దూరంగా, పల్లం పక్క పెట్టు. మెట్టు ఆరంగుళాలు దాటనీకు. మన మోకాళ్ళు ఇంక మన మాట వినే వయసులో లేవు.

ఈడ క్వారీలో మంచి నల్లరాయి పడింది. వంటగట్టుకు ఒక బండ పంపించేదా?

నా పేరు రాసినందుకు సంతోషం. ఇన్నాళ్ళూ అది ఊరికే పడి ఉండాది.

ఉంటాను,
మునిరత్నం

*

పుంగనూరు,
2 ఏప్రిల్ 1979.

శ్రీ మునిరత్నం గారికి,

బండ అక్కరలేదు. పునాది నాలుగున్నర అడుగులు పోయింది. అక్కడ గడ్డపార ఎగిరిపడింది. మీరు చెప్పారని కాదు, అది సరైన పద్ధతి కనుక తవ్వించాను.

సిమెంటు పర్మిట్టు కోసం తాలూకా ఆఫీసుకు పదకొండుసార్లు తిరిగాను. వచ్చిన మూటలను మీ ఉత్తరానికి ముందే పక్కస్థలం గోడకానించి పేర్పించాను. అకాలంగా పడ్డ ఒక్క వానకు మూడు మూటలు గడ్డకట్టాయి. వాటిని చెట్టు కింద ఆసనాలుగా వేయించాను. ఇటుకలు మోసే పూలమ్మ వాటిమీద కూర్చుని సంగటి తింటుంది. కనుక అవి వృథా కాలేదు.

ఇల్లు కట్టుకునే ప్రతివారూ చేయవలసిన పని ఒకటి నాకు తోచింది. పునాదికి ముందే గదులను నేలమీద ముగ్గుతో గీయించి, ఆ గీతల మధ్య ఒక రోజు గడిపాను. లేని తలుపు తీశాను. లేని మంచం చుట్టూ తిరిగాను. అది గోడకు తగిలింది. గోడను అడుగు జరిపాను. లేని వంటగట్టు ముందు నిలబడి పప్పు తాలింపు పెట్టాను. నా మోచేతికి నాలుగంగుళాలు కింద గట్టు ఉంటే నడుం వంగదని తేలింది.

మేస్త్రి గంగులప్పకు ఇది నచ్చలేదు. “ఆడోళ్ళు నిలబడుకోని వండేదేందమ్మా? సూసినోళ్ళు హోటలంటారు” అన్నాడు.

“హోటలు వంటవాడు సాయంత్రానికి నడుం పట్టుకుని మూలగడం ఎప్పుడైనా చూశావా?” అన్నాను.

“అయితే రేపట్నించీ నా నాష్టా ఈడే. డబ్బులు మాత్రం అడగొద్దు తల్లీ!” అంది పూలమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పని బాగానే సాగుతోంది. అయినా కూర్చున్న చోట కూర్చోలేకపోతున్నాను. అద్దె ఇంటికి వెళ్ళిన గంటకే మళ్ళీ స్థలానికి వస్తున్నాను. వచ్చాక చేయవలసిన పనేమీ కనిపించదు. ఇది ఎందుకో నాకు తెలియదు. మీకు వ్రాయవలసిన విషయమూ కాదు.

ఇట్లు,
కె. కనకవల్లి

*

పుంగనూరు,
24 ఏప్రిల్ 1979.

మునిరత్నం గారికి,

మీ జవాబు రాకముందే మళ్ళీ వ్రాయవలసి వచ్చింది.

మదనపల్లె కట్టెల డిపోలో నేనే ఎంచి చేయించిన ద్వారబంధం పన్నెండో తేదీన వచ్చింది. అప్పటినుంచి పని ఆగిపోయింది. వాకిలి నిలబెట్టే వేళ దంపతులిద్దరూ ఉండాలట. “అయ్యగారు పక్కన నిలబడితేనే, లేకుంటే నా చెయ్యి పైకి లేవదు” అని గంగులప్ప భీష్మించుకు కూర్చున్నాడు. వానలు దగ్గరపడుతున్నాయి. ద్వారబంధం గోనెపట్టాల కింద పడి ఉంది. రోజూ పట్టా తీసి చూసి మళ్ళీ కప్పుతున్నాను.

మే ఏడో తేదీ సోమవారం, ఉదయం తొమ్మిది గంటలు. మీరు వచ్చి అరగంట నిలబడితే చాలు. ఇది ఒక మేస్త్రి మూర్ఖత్వానికి నేనిస్తున్న మినహాయింపు మాత్రమే. మీ రాకవల్ల ఈ ఇంటి మీద మీకు ఏ హక్కూ ఏర్పడదు. పలమనేరులో బస్సు మారితే ఎనిమిదిన్నరకు ఇక్కడ దిగవచ్చు. భోజనం ఏర్పాటు ఉంటుంది. చింతచిగురు పప్పు మీకు ఇప్పటికీ ఇష్టమేనా?

ఇట్లు,
కనకవల్లి

*

కుప్పం,
1 మే 1979.

ప్రియమైన కనకకు,

చింతచిగురు అనేసరికి నోట్లో నీళ్ళూరినాయి. అయినా నేను రాను.

కోపంతో కాదు. నీ జాబు వచ్చినప్పటినుంచి నాలుగు రోజులు ఇదే ఆలోచన. చొక్కా ఇస్త్రీకి కూడా ఇచ్చినాను. మళ్ళా పోయి తెచ్చుకున్నాను.

నేను వచ్చి నిలబడితే రేపు ఊరంతా ఓవర్‌సీరు కట్టించిన ఇల్లంటుంది. నిన్ను అడిగి కట్టే ఇల్లు అని రాసినావే, ఆ ఇంటికి నేను లేనిదే వాకిలి లేవదంటే, ఆనాడు నేను చేసిన పనే మళ్ళా చేసినట్టు. అప్పుడు నాకు తెలియలేదు. ఇల్లంటే గోడలూ మిద్దే అనుకున్నాను. నువ్వు పోయినాక, ఆ ఇంట్లో నీకేం కావాలో ఒక్కటి చెప్పమని ఎవరైనా అడిగినా నా దగ్గర జవాబు లేదు.

నువ్వే నిలబెట్టు. రెండు నిలువులకూ రెండు పక్కలనుంచీ తూకపు గుండు వేసి చూడు. ఒక మూలనుంచి ఎదురు మూలకు తాడు పట్టి కొలువు, రెండు కొలతలూ సమానంగా రావాల. గోడలోకి పోయే కట్టెకు తారు పూయించు, లేకుంటే చెద పడుతుంది. గోడ తలెత్తు లేచేదాకా అడ్డకట్టెలు తీయనీకు.

గంగులప్పకు విడిగా కార్డు రాసినాను. గట్టిగానే రాసినాను.

నీ,
మునిరత్నం

*

పుంగనూరు,
8 మే 1979.

ప్రియమైన మీకు,

గంగులప్పకు మీరు వ్రాసిన కార్డు నిన్న ఉదయం, నాకు వ్రాసిన ఉత్తరంతో పాటే చేరింది. గంగులప్పకు చదవడం రాదు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని స్థలంలో నా దగ్గరికే తెచ్చాడు. “సూడమ్మా, కుప్పం నుంచి నాకు జాబొచ్చిండాది! మా అన్న కొడుక్కు సంబంధమేమో” అని మురిసిపోయాడు.

చదివాను. మధ్యలో ఆపడం నాకు చేతకాలేదు. ‘ఒరే గంగులప్పా, ఒక మనిషి ఒంటిగా నిలబడి ఇల్లు కట్టుకుంటాంటే మొగుడు లేనిదే వాకిలి లేపనంటావా? నీకు చెయ్యి లేవకుంటే చెప్పు, లేచే చెయ్యి ఉన్నోడు వస్తాడు.’ ఇంకా ఉంది, మీకు తెలుసు.

అతని ముఖం వాడిపోయింది. “నేను యాడంటి తల్లీ? వాకిలొచ్చిన దినమే నిలబెడదామంటిని గదా! నువ్వే గదా ఆగు, ఆగు అంటివి. ఎందుకని అడిగితే కసిరితివి. ఇరవై ఐదు దినాలు కూలి లేకుండా కూసోనుండా!”

పూలమ్మ ఇటుకల తట్ట దించింది. నా ముఖం వైపు ఒకసారి చూసి, “ఊరుకోప్పా. ఆయప్పని పిలిసేకి అమ్మకు యాదో ఒక సాకు గావాల గదా” అంది.



మీరు పక్కన నిలబడాలని గంగులప్ప ఎన్నడూ అనలేదు. ఆ మాటలు నావి. అతని నోట పెట్టాను. అబద్ధమాడిన పిల్లలను ముప్పై ఏళ్ళు బెంచీ ఎక్కించినదాన్ని, అరవై రెండేళ్ళ వయసులో ఒక పేద మనిషి మీద అబద్ధం చెప్పి, వానలు వస్తున్నాయని తెలిసీ పని ఆపుకున్నాను. మిమ్మల్ని రమ్మని నా నోటితో అడగటం కంటే అది సులువనిపించింది. అడగకుండా ఇల్లు కట్టారని మిమ్మల్ని ఇన్నేళ్ళు తప్పుపట్టాను. అడగటం ఎంత కష్టమో ఇన్నాళ్ళూ నాకే తెలియలేదు.

అందరి ఎదుటా గంగులప్పకు క్షమాపణ చెప్పాను. ఆగిన రోజుల కూలి ఇచ్చాను. “ఆ కార్డు మాత్రం నాకియ్యమ్మా, నాకొచ్చిన మొదటి జాబది” అని తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తరువాత వాకిలి నిలబెట్టాను. పసుపు పూలమ్మా నేనూ కలిసి పూశాం. తూకపు గుండు నేనే పట్టాను. తాడుతో మూలలు కొలిస్తే పావంగుళం తేడా వచ్చింది; సరిచేయించాను. అడ్డకట్టెలు అలాగే ఉన్నాయి. చుట్టూ గోడ ఇప్పుడు మోకాలెత్తు.

కనుక ఈ ఇంటికి ఇక మీ అవసరం లేదు. వాకిలికీ లేదు, మేస్త్రికీ లేదు, పంచాయతీ వారికీ లేదు. అవసరమేదీ మిగలలేదు కనుక, ఈసారి ఎవరి నోటా పెట్టకుండా నేనే అడుగుతున్నాను.

రండి. అరగంటకు కాదు.

కనక