వీరభద్రం గారి గోత్రం

కాకినాడ,
గురువారం.

పిన్నీ,

ఈ మాట ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే రాస్తున్నాను.

మా హెడ్ క్లర్కు వీరభద్రం గారి గోత్రం ఏంటని నిన్న మళ్ళీ అడిగావు. ఆయనకి గుండెపోటు వచ్చిందని నేను ఏడ్చిన దగ్గర్నుంచీ ప్రతి సోమవారం ఆయన పేరున గుడిలో అర్చన చేయిస్తున్నావు. తెలీక, పంతులుగారికి మన గోత్రమే చెబుతున్నానన్నావు. అది విన్నాక నాకు అన్నం దిగలేదు.

వీరభద్రం గారు మా ఆఫీసులో లేరు పిన్నీ. నేను ఫోన్లో చూసే సీరియల్లో ఉన్నారు. అందరి టీలోనూ పంచదార తనే కలిపేదీ, ఆఫీసర్ అరిచి వెళ్ళగానే అందరినీ నవ్వించేదీ అక్కడే. ఆ సీరియల్ మొత్తం నాలుగుసార్లు చూశాను. గుండెపోటు వస్తుందని ముందే తెలిసినా ప్రతిసారీ ఏడుస్తాను.

ఇక్కడికొచ్చి ఏడాదిన్నర. పక్క సీటావిడ ఇప్పటికీ నన్ను వేరే పేరుతో పిలుస్తుంది. మధ్యాహ్నం ఒక్కదాన్నే క్యారేజీ విప్పుకుని, ఫోన్ నీళ్ళసీసాకి ఆనించి, వాళ్ళని చూస్తూ తింటాను. "ఆఫీసులో నీతో బాగుంటున్నారా అమ్మా" అని నువ్వడిగితే వాళ్ళ కబుర్లే చెప్పాను. నువ్వు నవ్వుతుంటే ఇక ఆపలేకపోయాను.

మోకాళ్ళ నొప్పులున్న నీ చేత అన్ని గుడిమెట్లు ఎక్కించాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

బాబాయికి చెప్పకు. ఈ సోమవారం గుడికి వెళ్తే మాత్రం ఆయన పేరు వద్దు, నా పేరు చెప్పు. గోత్రం మార్చక్కర్లేదు.

నీ పిల్ల